గుమ్మం దగ్గర పెట్టిన కోక

2018 వేసవి. శ్రీకాకుళంలో నా ఆఫీసంటే ఓ బల్ల, రెండు కుర్చీలు, గోల చేసే ఫ్యాను. విదేశాల్లో స్థిరపడ్డ తెలుగువాళ్లకి ఇక్కడి చుట్టాలను వెతికిపెట్టడం నా పని. దీన్ని ‘ట్రేసింగ్’ అంటారు. ఆచూకీ తెగిపోయి ఇక ముందుకు కదలకపోతే ‘డెడ్ ఎండ్’.

ఆ రోజు రంగూన్ నుంచి, మా వైపు పెద్దలు ‘రంగం’ అనే ఊరి నుంచి, దేవి వచ్చింది. యాభై దాటిన మనిషి. తెల్లవాళ్ల కాలంలో ఆమె అమ్మమ్మ నూకాలు, పెళ్లైన కొత్తలో భర్త వెంట ఓడెక్కి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. పుట్టిన ఊరు భావనపాడు. పుట్టింటివారి ఇంటిపేరు తెలీదు.

“ఆ గుమ్మం ఒక్కసారి తొక్కాలండి. బతికినన్నాళ్లూ మా అమ్మమ్మకి అదే బెంగ,” అంది.

భావనపాడులో నూకాలూ అని కేకేస్తే పదిమంది తిరిగి చూస్తారు! అయినా దేవిని వెంటబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. “మీ ఇంటి మనిషి నూకాలని, రంగూన్‌లో చనిపోయినావిడ ఎవరైనా ఉన్నారా?” అని అడిగాను. అందరూ లేదన్నారు. ఎండుచేపలు తిరగేస్తున్న గంగమ్మ అనే ముసలామె అయితే తలైనా ఎత్తలేదు.

“అలాటోల్లు మా ఇంట్లో నేరు బాబూ,” అని కసిరింది. నాకు చిర్రెత్తుకొచ్చింది. డెడ్ ఎండ్ అని తేల్చేశాను.

తిరిగి వెళ్లేటప్పుడు దేవి ఆ గంగమ్మనే మంచినీళ్లు అడిగింది. తాగి, చెంబు ఇస్తూ ఏడ్చేసింది. “‘మాయమ్మ నాకోసం సూస్తా ఉంటాదే’ అని మా అమ్మమ్మ ఎప్పుడూ ఏడిసేది,” అంది. అంతవరకూ ఆచితూచి మాట్లాడిన మనిషి నోట మా వైపు యాస వచ్చేసరికి నేనే ఉలిక్కిపడ్డాను.

గంగమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “రంగమెల్లిన నూకాలా? మా మేనత్తే గదే! ఓలమ్మా, నాకు మేనకోడలివే!” నా వైపు తిరిగి మండిపడింది. “సచ్చినోల్ల గురించి అడిగితే నేనేటి సెప్తాను బాబూ? మా అత్త పోనాదని మాకెవులు సెప్పినారు?”

ఏటా పెద్దలకు కొత్తబట్టలు పెట్టే రోజున, ఆ ఇంట్లో నూకాలు కోక మాత్రం గుమ్మం దగ్గర విడిగా పెడతారట. కబురు రాని మనిషిని పోయినవాళ్లతో కలపొద్దని నూకాలు తల్లి ఒట్టేయించుకుందట. కొత్తది పెట్టేదాకా పాతది ఎవరికీ ఇవ్వరు.

గంగమ్మ లోపలికెళ్లి ఆ కోక తెచ్చింది. ఇవ్వకుండా గుండెకి అదుముకుని నిలబడింది. “నిజం సెప్పే. ఉన్నాదా, పోనాదా?”

బతికుంటే వందేళ్లు దాటే మనిషి కోసం అడుగుతోంది!

“నా సిన్నప్పుడే పోనాది, అత్తా,” అంది దేవి.

గంగమ్మ గుమ్మంలోనే కూలబడి, నిన్ననే పోయినట్టు గొల్లుమంది. చాలాసేపటికి లేచి, కోక దేవి భుజాన వేసింది.

“వచ్చే ఏడు మా అత్తది లోపల, పెద్దోల్లతో పెడతాను. ఇది నువ్వు కట్టుకో. గుమ్మం కాడ పెట్టినది వచ్చినోల్లకే.”

అప్పట్నుంచి ఏ ఊరెళ్లినా, మీ ఇంట్లో ఎవరు పోయారని అడగను. ఎవరికోసం చూస్తున్నారని అడుగుతాను.