నాలుగో గదికి గాలి

టెక్కలిలో జీవన్ కుమార్ కొత్త ఇంటి గోడలకు రంగులు ఆరకముందే ఏసీల తగువు మొదలైంది.

విశాఖ నుంచి వచ్చిన కాంట్రాక్టరు శ్రీకాంత్ హాల్లో నిలబడి రెండు పద్ధతులూ చెబుతున్నాడు. వంటింటి గుమ్మంలో ఎండుచేపల బుట్ట దించి సువర్ణమ్మ వింటోంది. జీవన్ ఆమె తమ్ముడు. అమ్మానాన్నలు పోయాక భావనపాడులో చేపలు ఎండబెట్టి, టెక్కలి వీధుల్లో తిరిగి అమ్మి వాణ్ణి చదివించింది. తను పెళ్లి చేసుకోలేదు. వాడిప్పుడు పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తున్నాడు. బుట్ట మానెయ్యమని ఎంత చెప్పినా ఆమె మానలేదు.

“సెంట్రల్ అయితే మేడ మీద ఒకటే మిషను సార్. అన్ని గదుల గాలినీ లాక్కుని, చల్లబరిచి, పెద్ద గొట్టాల్లోంచి మళ్లీ అన్ని గదులకీ పంపుతుంది. స్ప్లిట్లకి ఆ గొట్టాలుండవు. ఏ గది మిషను ఆ గదిదే.”

జీవన్ భార్య ప్రమోదిని వెంటనే అందుకుంది. “అంటే, వదిన గదిలో గాలి మా గదిలోకి వత్తాదా?”

“అంతా కలిసిపోతుంది మేడమ్.”

“అమ్మో! స్ప్లిట్లే ఎట్టండి. మూడు సాలు.”

ఇంట్లో గదులు నాలుగు. శ్రీకాంత్ నాలుగో తలుపు వైపు చూశాడు.

“ఆవిడకి అలవాటు లేదులెండి,” అన్నాడు జీవన్.

“నీ పెళ్లానికుందేటి అలవాటు?” అంటూ సువర్ణమ్మ హాల్లోకి వచ్చింది. “దాని పుట్టింట్లో ఫ్యానుకి రెండే రెక్కలు. మూడోది ఎలకలు తినేసినాయేమో, నానడగలేదు.”

శ్రీకాంత్ నవ్వు ఆపుకున్నాడు. ప్రమోదిని ముఖం మాడిపోయింది.

“అప్పా, పరాయోళ్ల ముందు...” అన్నాడు జీవన్ అక్కతో.

“పరాయోళ్ల ముందే సెప్తాను. ఈ సేపల కంపు పీల్చే కదరా డిగ్రీ సదివినావు? ఇప్పుడు కొత్తగా ముక్కు మొలిసిందేటి? ఈ ఇంట్లో అందరికీ ఒకటే గాలి. సెంట్రలే ఎట్టించు. లేదంటే నీ వాకిట్లోనే సేపలు ఆరేత్తాను. నీ సుట్టాలు తొక్కుకుంటా లోపలికి వత్తారు.”

ఏసీ మీద ఆమెకు మోజు లేదు. సముద్రపు గాలికి ఇసుకలో పడి నిద్రపోయిన మనిషి. తన గది ఈ ఇంట్లో గదేనా, కాదా అన్నది మాత్రం ఆ రోజే తేలిపోవాలనుకుంది.

జీవన్ భార్య వైపు ఒకసారి చూసి, “సరే అప్పా, సెంట్రలే,” అన్నాడు. అంత తొందరగా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

చేపల అదును కావడంతో పని జరిగినన్నాళ్లూ ఆమె భావనపాడులోనే ఉంది. తిరిగొచ్చేసరికి నాలుగు గదుల్లోనూ గోడ పైభాగాన తెల్లటి జాలీలు బిగించి ఉన్నాయి. శనివారం సాయంత్రం మిషను వేశారు. హాలు చల్లబడింది. ఆమె గది చల్లబడలేదు.

“సివర గది కదప్పా. రేపటికి అందుతాది,” అన్నాడు జీవన్.

ఆమె ఆగలేకపోయింది. ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడింది. “నా తమ్ముడు తను పీల్చే గాలే నాకూ ఇచ్చినాడు. ఎవుల తమ్ముడిత్తాడు? దేవునికి స్తోత్రం!” సొంత తమ్ముడే ఇంట్లోంచి గెంటేసిన కృప వెనక వరసలో తల వంచుకుంది. అది చూసి సువర్ణమ్మ గొంతు మరింత పెంచి ఇంకోసారి చెప్పింది. గది చూడ్డానికి సాయంత్రం వస్తామన్నారు ఆడవాళ్లు.

మధ్యాహ్నం గదిలో ఉక్క భరించలేక స్టూలెక్కి జాలీకి అరచెయ్యి ఆనించింది. ఊపిరంత గాలి కూడా తగల్లేదు. చీపురు పుల్ల విరిచి సందులోకి దూర్చింది. గోరంత లోతు వెళ్లి వంగిపోయింది. పక్క సందులోనూ దూర్చింది. దాని పక్కదాంట్లోనూ. అన్నిచోట్లా గోడే.

జీవన్ భోజనం చేస్తున్నాడు.

“గోడకి కన్నమే లేదురా.”

“లేదు,” అన్నాడు చారు కలుపుకుంటూ. “నీకు అందరితో సమానంగా ఉండాల. ప్రమోదినికి నీ గది గాలి తగలకూడదు. ఇద్దరి మాటా నిలబెట్టినాను.”

“అందరికీ సెప్తాను.”

“సెప్పు. పొద్దున్న ఒకటి సెప్పినావు, సాయంత్రం ఇంకోటి సెప్పు. దేవుడి ఎదర అబద్ధమాడింది ఎవులో సర్చివోళ్లే తేల్చుకుంటారు.”

ప్రమోదిని పెరుగు గిన్నె మొగుడి ముందుకు జరిపింది. “మీకూ వడ్డించీమన్నారా వదినా?”

సాయంత్రం ఆడవాళ్లు వచ్చారు, వాళ్లతో కృప కూడా. ప్రమోదిని అందరినీ చల్లటి హాల్లోంచి నడిపించి నాలుగో గదిలోకి పంపింది. “తలుపేసుకోండమ్మా, సల్లదనం పోతాది,” అని తనే బయటినుంచి తలుపు లాగేసింది.

గదిలో ఉక్కపోస్తోంది. ఒకామె కొంగుతో విసురుకోబోయి చెయ్యి దించేసింది. “బాగుందమ్మా,” అంది ఇంకొకామె. కృప జాలీ వైపు చూసింది. స్టూలు చూసింది. కింద పడున్న పుల్లలు చూసింది. తర్వాత సువర్ణమ్మ ముఖంలోకి చూసి, నెమ్మదిగా అడిగింది.

“రేత్రి దుప్పటి కప్పుకున్నావేటి అప్పా?”

“రెండు,” అంది సువర్ణమ్మ, మెడ మీద చెమట తుడుచుకోకుండా.