యార్కు నగరానికి లామినేషన్

ఆ రోజుల్లో నా దృష్టిలో ప్రపంచంలోని కాగితాలన్నీ రెండే రకాలు. లామినేషన్ అయినవి, ఇంకా కావలసినవి. ఇది నా సొంత తెలివి కాదు, పిత్రార్జితం. నేను మూడో తరగతిలో ఉండగా వచ్చిన తుపానుకి నరసాపురంలో మా ఇంట్లోకి మోకాలి లోతు నీళ్లొచ్చి, ట్రంకు పెట్టెలో ఉన్న మా నాన్న టీచర్ ట్రైనింగు సర్టిఫికెట్టు, అమ్మానాన్నల పెళ్లి ఫొటో, తాతయ్య బాప్తిస్మం కాగితం కలిసి ఒకే ముద్దయిపోయాయి. ఆ ముద్దని నాన్న ఎండలో ఆరబెట్టి, పొరలు విడదీయబోయి, చివరికి దాన్ని అక్కడే వదిలేసి లోపలికి వెళ్లిపోవడం నాకింకా గుర్తుంది. తర్వాత కొన్నేళ్లకి బస్టాండు దగ్గర లామినేషన్ షాపు వెలిస్తే మొదటి బేరం ఆయనదే (ఆ షాపువాడి పిల్లల చదువుల్లో మా ఇంటి చెయ్యి చాలా ఉంది). మార్కుల లిస్టులు, రేషన్ కార్డు, వ్యాసరచన పోటీలో నాకొచ్చిన మూడో బహుమతి పత్రం, అన్నీ ప్లాస్టిక్కు తొడుక్కున్నాయి. నేను అమెరికా బయల్దేరేటప్పుడు పాస్‌పోర్టుకి కూడా చేయిద్దామంటే, ట్రావెల్ ఏజెంటు చేతులు జోడించి ఆపాడు.

అలాంటి ఇంట్లోంచి వచ్చినవాణ్ని నేను. రెండువేల ఐదో ఆరో, టెక్సాస్‌లోని ప్లేనోలో ఉద్యోగం. ఆదివారం మధ్యాహ్నాలు మా తెలుగు సంఘం ఆరాధనకి ఒక అమెరికన్ చర్చివాళ్లు తమ చిన్న హాలు అద్దెకిచ్చేవారు. దాని తాళాలు ఒక ఎనభై ఏళ్ల పెద్దావిడ దగ్గర ఉండేవి. మేమంతా ఆవిణ్ని తాళాల మామ్మ అనేవాళ్లం (వెనకాల మాత్రమే, ఎదురుగా మేడమ్). తలుపు తీశాక ఆవిడ వెళ్లిపోకుండా చివరి వరసలో కూర్చునేది. తెలుగు ఒక్క ముక్క అర్థం కాకపోయినా కీర్తనలు పాడుతుంటే తల ఊపేది. ఆరాధన అయ్యాక నా దగ్గరికొచ్చి, "ఇవాళ ఆ అన్నం ఉందా?" అని గుసగుసగా అడిగేది. ఆ అన్నం అంటే బిర్యానీ.

మామ్మ పుట్టింది ఇంగ్లండులోని యార్కులో. "న్యూ లేని యార్కు" అని తనే చెప్పుకునేది. యుద్ధం అయ్యాక ఒక అమెరికన్ వైమానికుణ్ని పెళ్లాడి ఓడెక్కి టెక్సాస్ వచ్చింది. యుద్ధమంతా గాలిలో తిరిగిన ఆ మహానుభావుడు ఇక చచ్చినా విమానం ఎక్కనని ఒట్టు పెట్టుకున్నాడట. ఆయన పోయేసరికి ఈవిడ గుండె ప్రయాణాలకి పనికిరాదన్నారు. అలా అరవై ఏళ్లయినా మళ్లీ యార్కు చూడలేదు. నేను ఇల్లు చూసి అప్పటికి నాలుగేళ్లు. ఇండియా వెళ్తే వీసా స్టాంపింగ్‌లో ఇరుక్కుపోయి తిరిగి రాలేనని భయం. "వెళ్లొచ్చెయ్, ఏమవుతుంది?" అనేవాళ్లకి వీసా తలనొప్పి వివరించి చెప్పడం కంటే మామ్మ పక్కన ఊరికే కూర్చోవడం నాకు హాయిగా ఉండేది. ఆవిడ ఆ మాట ఎప్పుడూ అనలేదు.

ఆవిడ ఇంటి హాల్లో యార్కు బొమ్మలు ఆరు ఉండేవి. లోహపు రేకు మీద సన్నటి గీతలు చెక్కి, సిరా నింపి, కాగితం మీద అద్దిన పాతకాలపు బొమ్మలు. పెద్ద చర్చి, నది మీద వంతెన, ఒకదానిమీద ఒకటి వాలిన ఇళ్ల సందు. ఒంటరిగా ఉండలేక వృద్ధుల హోముకి మారుతున్నప్పుడు, సర్దుతుంటే వాటిలో ఒకదాని అద్దం పగిలింది. నాకు కారు ఉందని నన్ను పిలిచింది. అది నగరపు గోడలో ఉన్న రాతి కోట గుమ్మం బొమ్మ (అక్కడ ఆ గుమ్మాల్ని 'బార్' అంటారట; మా రూమ్మేటు వెంటనే టికెట్టు బుక్ చేద్దామన్నాడు). గుమ్మం కింద ఒక గుర్రబ్బండి, పక్కన షాపుల వరస, ఆకాశంలో ఒక కాకి.

"మిగతా అయిదూ నేను ఇక్కడ కొనుక్కున్నవి. ఇది మా నాన్న ఇచ్చింది. ఆయన గడియారాలు బాగుచేసే షాపు గోడమీద ఉండేది. నేను ఓడెక్కే రోజున మేకు నుంచి తీసి నా చేతిలో పెట్టాడు" అంది మామ్మ. మళ్లీ నా మొహంలోకి చూసి, "ఫ్రేము షాపులో ఇచ్చి అద్దం మార్పించు. ఇంకేమీ వద్దు" అంది.

ఆ 'ఇంకేమీ వద్దు' అన్న మాట నేను సరిగ్గా విని ఉంటే ఇప్పుడు ఇది రాసే అవసరం ఉండేది కాదు.

గాజుముక్కలు గుచ్చుకుంటాయని అపార్టుమెంటుకి తెచ్చి ఫ్రేము వెనకవైపు విప్పాను. లోపల కాగితం బయటికి తీశాను. గోధుమరంగు మచ్చలు, అంచులు పెళుసెక్కి ముట్టుకుంటే రాలుతున్నాయి. నాకు ఎండలో ఆరబెట్టిన ఆ ముద్ద కళ్లముందు కదిలింది. మా రూమ్మేటు వరంగల్ బాసు (ప్రార్థనకి కాదు గానీ బిర్యానీకి ప్రతి ఆదివారం వచ్చేవాడు) వంగి చూసి, "అరే, ఇది ముట్టుకుంటనే ఊడొస్తున్నది. గిట్లనే ఇడిస్తే ముసలామెకు పొడే మిగుల్తది" అన్నాడు.

"మరేం చేద్దామంటావ్?"

"నన్నడుగుతవేంది? మీ ఇంట్ల అన్నిటికి జేసేదే జెయ్యి."

కాపీ షాపులో కౌంటరు దగ్గరున్న అమ్మాయి కాగితాన్ని చూసి జంకింది. "ఇది చాలా పాతదానిలా ఉంది. ష్యూరేనా?" అంది. "పాతది కాబట్టే చేయిస్తున్నాను" అన్నాను, లోకజ్ఞానం లేని పిల్ల అనుకుంటూ. మిషన్లోంచి యార్కు నగరం వెచ్చగా, తళతళా మెరుస్తూ బయటికొచ్చింది. ఆ రాత్రి ఫోన్‌లో నాన్నకి చెబితే ఎంతో సంతోషించారు. "మంచి పని చేశావురా. అంచు వదిలి కత్తిరించారా? అంచు వదలకపోతే నీళ్లు దిగుతాయి" అన్నారు. వదిలారని చెప్పాను. తండ్రి మెచ్చిన కొడుకునై నిశ్చింతగా పడుకున్నాను.

మర్నాడు ఫ్రేము షాపాయన దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్లీ అటు తిప్పి చూశాడు. ముసలాయన, గుబురు మీసాలు. "ఇది నీదేనా?" అన్నాడు. "కాదండీ, ఒక పెద్దావిడది." "ఆవిడకి తెలుసా?" "లేదు, సర్‌ప్రైజ్" అన్నాను. ఆయన శవం దగ్గర టోపీ తీసినట్టు కళ్లజోడు తీసి కౌంటర్ మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా, పసిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. ఇది నూటయాభై ఏళ్లు పైబడిన కాగితం. వేడికి జిగురు కాగితంలోకి ఇంకిపోయింది. ఇక ఎవరూ తియ్యలేరు. ఈ బొమ్మ బతికింది నిన్నటిదాకానే.

ఇంటికెళ్లి తియ్యలేరన్న మాట అబద్ధం చేద్దామని పూనుకున్నాం. బాసు హెయిర్ డ్రయ్యరు అన్నాడు, తర్వాత ఫ్రీజరు అన్నాడు. రెండూ అయ్యాయి. చివరికి నేను బ్లేడుతో పైన ఒక మూల మెల్లగా లేపాను. ప్లాస్టిక్కు లేచింది, దాంతోపాటు ఆకాశం లేచింది, ఆకాశంతో కాకి లేచిపోయింది. ఇద్దరం ఆ తెల్లటి చిల్లు వైపు చూస్తూ కూర్చున్నాం. "ఇగ ముట్టకు" అన్నాడు బాసు. ఆ ఆదివారం పాస్టరుగారి ప్రసంగం దాచిపెట్టిన పాపం గురించే. ఆయనకి బాసే చెప్పాడని ఈనాటికీ నా అనుమానం.

హోములో మామ్మ గది చిన్నది. గోడమీద అయిదు బొమ్మలు వేలాడుతున్నాయి. మంచానికి ఎదురుగా మధ్యలో ఒక మేకు ఖాళీగా ఉంది. ఆ మేకు చూశాక నేను తయారుచేసుకున్న మాటలన్నీ మర్చిపోయాను. బొమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"మెరుస్తోంది" అంది.

"అవునండీ."

"ఎందుకు?"

తుపాను గురించి చెప్పాను. ముద్ద గురించి, లోపలికి వెళ్లిపోయిన మా నాన్న గురించి చెప్పాను. క్షమించమని అడగబోతే, ఆఫీసు ఈమెయిళ్ల పుణ్యమా అని 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాను' అన్న ముక్క నోట్లోంచి వచ్చింది. ఆవిడ ఆకాశం మీద వేలు పెట్టి, "ఇక్కడ ఒక కాకి ఉండేది" అంది. "నేనే పోగొట్టానండీ, విప్పబోయి" అన్నాను. మామ్మ కళ్లు తుడుచుకుంది. "ఇవాళ్టికి వెళ్లు" అంది. కారులో కూర్చుని నేనూ ఏడ్చాను. ఆవిడ బొమ్మ పోయిందని ఏడ్చానో, నాలుగేళ్లుగా బాకీ ఉన్న ఏడుపు ఏదైనా ఉందో చెప్పలేను.

మూడు వారాలు అటువైపు వెళ్లే మొహం లేకపోయింది. హాలు తాళాలు ఇంకెవరో తీస్తున్నారు. చివరి వరస ఖాళీ. నాలుగో వారం ఫోన్ మోగింది. "వచ్చేటప్పుడు ఆ అన్నం తీసుకురా" అంది మామ్మ, హలో కూడా అనకుండా.

వెళ్లేసరికి బొమ్మ ఆవిడ ఒళ్లో ఉంది. "నేను క్షమించేశాననుకోకు. మొన్న దీనిమీద టీ ఒలకబోశాను. గుండె ఆగినంత పనైంది. టిష్యూతో తుడిస్తే పోయింది. అరవై ఏళ్లు దీన్ని గోడమీద దూరం నుంచే చూశాను. ముట్టుకుంటే అద్దమే తగిలేది. ఇప్పుడు ఒళ్లో పెట్టుకుంటున్నాను" అంది. హోములో బోర్డు మీద భోజనాల పట్టీ రాసే ఎర్ర మార్కరు ఒకటి ఎలా సంపాదించిందో సంపాదించింది. దానితో ఒక కిటికీ దగ్గర చుక్క పెట్టింది. "ఇది మా నాన్న షాపు. ఈ బొమ్మ చెక్కిననాటికి మా నాన్న పుట్టనే లేదు. కానీ కిటికీ ఇదే. ఇక్కణ్నుంచి బడికి ఇలా వెళ్లేదాన్ని" అంటూ గుమ్మం కిందనుంచి గీత లాగింది. కబుర్లయ్యాక టిష్యూతో తుడిచేసింది. మరుసటి వారం రొట్టెల షాపుకి దారి. ఆ పై వారం, నాన్నకి చెప్పకుండా డాన్సుకి వెళ్లిన దారి (ఆ దారి కాస్త చుట్టు).

ఒకరోజు బొమ్మని బోర్లా తిప్పి, నా చేతికి మార్కరు ఇచ్చింది. "ఇటువైపు ఖాళీ. నీ ఊరు గీయి" అంది.

మార్కరు మూత తీశాను. మా ఊరిని ఎవరూ రేకు మీద చెక్కలేదు. మాకున్న నాలుగు ఫొటోలూ తుపాను తీసుకుపోయింది. ఏదోలా గోదావరి గీశాను. రేవు, అవతలి ఒడ్డుకి కార్లనీ గేదెల్నీ కలిపి మోసుకెళ్లే పంటు, చర్చి గంట, వీధరుగుల మీద లేసు అల్లే ఆడవాళ్లు, బస్టాండు. బస్టాండు పక్కన ఒక చిన్న డబ్బా వేస్తే, "ఆ షాపేనా?" అంది. "అదేనండీ" అన్నాను. మామ్మ దగ్గు వచ్చేదాకా నవ్వింది. "ఆ పైన ఒక కాకిని పెట్టు. నాకు బాకీ ఉన్నావు" అంది. మా ఊళ్లో కాకులకేం కొదవ, మూడు పెట్టాను. ఆ వైపు మాత్రం ఆవిడ ఎప్పుడూ తుడవలేదు.

రెండేళ్ల తర్వాత ఒక సోమవారం హోమువాళ్లు పిలిచి ఒక కవరు చేతిలో పెట్టారు. మామ్మ పోయింది. కవరు మీద నా పేరు లేదు, 'అన్నం తెచ్చే అబ్బాయికి' అని ఉంది. లోపల యార్కు. ఈసారి ఎర్ర గీత తుడవలేదు. కిటికీ దగ్గర మొదలై, గుమ్మం దాటి, గోడవెంబడి నడిచి, బొమ్మలో చోటు అయిపోయినా ఆగకుండా తెల్లటి అంచు మీద కూడా కొంతదూరం వెళ్లి ఆగింది. ఎక్కడికి వెళ్తున్నదో చెప్పడానికి ఆవిడ లేదు.

ఆ సాయంత్రం నేను ఏం చేశానో మీరు ఊహించే ఉంటారు. మార్కరు గీత కదా, తుడిస్తే పోతుందన్న భయంతో తిన్నగా కాపీ షాపుకి వెళ్లాను. కౌంటరులో వేరే కుర్రాడున్నాడు. "సర్, దీనికి ఆల్రెడీ లామినేషన్ ఉంది" అన్నాడు. "తెలుసు. దానిమీద ఇంకొకటి" అన్నాను. "వేడికి ఈ ఇంకు కరిగిపోవచ్చు. ష్యూరేనా?" అన్నాడు. అదే ప్రశ్న. నేను ఆ మిషన్ వైపు చూస్తూ చాలాసేపు నిలబడి, ష్యూర్ కాదని చెప్పి, బొమ్మ తీసుకుని వచ్చేశాను. మా వంశంలో ఒక కాగితం లామినేషన్ షాపు దాకా వెళ్లి ఊరికే తిరిగి రావడం అదే మొదలు.

గ్రీన్ కార్డు వచ్చాక నరసాపురం వెళ్లినప్పుడు దాన్ని నాన్నకి చూపించాను. ఆయన యార్కునీ చూడలేదు, గోదావరినీ చూడలేదు. అంచు వేలితో తడిమి, "బాగానే వదిలారు" అన్నారు. వెనకవైపు ఊరిని మా పిల్లలు ఇప్పటికి రెండుమూడు సార్లు చెరిపేశారు. నేను మళ్లీ గీస్తూనే ఉన్నాను. గీసిన ప్రతిసారీ గోదావరి ఇంకాస్త వెడల్పవుతోంది, కాకులు పెరుగుతున్నాయి. ముందువైపు మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఒక్కోసారి ఇంట్లో ఎవరూ లేనప్పుడు బొమ్మ ఒళ్లో పెట్టుకుని, లోకంలో ప్రతి కాగితాన్నీ కాపాడగలననుకున్న ఆ కుర్రవాణ్ని తల్చుకుని నవ్వుకుంటాను. తర్వాత గడియారాల షాపు కిటికీ నుంచి మామ్మ దారిలో వేలితో నడుస్తాను. తాకితే చెరిగిపోతుందని, కాస్త పైన, గాలిలోనే.