గోడ మీది నూరు శాతం

జీడిపిక్కలు ఒలిచే ఇళ్ల పిల్లల్లో ఒక్కరినీ వదలకుండా పదో తరగతి పరీక్షకు కూర్చోబెడతానని నాకు మాటిచ్చి, ఏడాది తిరక్కుండా ఆ మాట తప్పిన మనిషి మొన్న మంగళవారం పొద్దున్న పోయాడు. మా హెడ్మాస్టరు. పలాస శివారులో రైలు గేటుకు ఆనుకుని ఉన్న మా ఉన్నత పాఠశాలకు తొంభైల చివర వచ్చి, రిటైరయ్యేదాకా ఆయనే పెద్ద. ఆయన కింద నేను తెలుగు మాస్టర్ని.

కబురు చెప్పింది పూర్వ విద్యార్థుల సంఘం కార్యదర్శి. ఫోనులోనే పని కూడా అప్పజెప్పాడు.

"మేస్టారూ, బడి సంచిక ఒకటి ఏత్తన్నాం. బడి చరిత్రా, సారు గురించీ కలిపి మీరే రాయాల. మీకంటే సదువుకున్నోరు మనకెవులున్నారు?"

"నిజం రాస్తే వేస్తారా?"

"అదేటి మేస్టారూ! సచ్చిపోయినోరి మీద అబద్ధాలు ఎవులు రాత్తారు?"

అందరూ రాసేవి అవేరా నాయనా అనబోయి ఊరుకున్నాను. అడిగారు గనక రాస్తున్నాను. వేసుకోవడం, మానుకోవడం వాళ్లిష్టం.

ముందు బడి సంగతి. ఇప్పుడు మీరు చూసే ఇనుప గేటు, ప్రహరీ, సిమెంటు మెట్లు లేని రోజుల్లో అది జీడిపిక్కల గోదాము. యజమాని వాడకం మానేస్తే ఊరివాళ్లు అడిగి పుచ్చుకుని చిన్న బడి పెట్టారు. కొన్నేళ్లకు అది హైస్కూలయింది. బోర్డు మారింది గాని వాసన మారలేదు. వాన పడితే గోడల్లోంచి కాల్చిన పిక్కల ఘాటు ఇప్పటికీ వస్తుంది. గూడ్సు బండి వస్తే కిటికీలు అదురుతాయి, అది పోయేదాకా పాఠం ఆపాలి. ఏ మాట దగ్గర ఆపామో ఆ మాట నుంచే మళ్లీ ఎత్తుకోవడం అక్కడ పనిచేసిన ప్రతి మాస్టరుకూ అలవాటు. నాకది ఇంట్లో కూడా పోలేదు.

పిల్లలు మూడు రకాలు. చెప్పులేసుకుని వచ్చే రైల్వే క్వార్టర్ల పిల్లలు. ఉద్దానం తీరం నుంచి వచ్చి హాస్టల్లో ఉండే చేపల వేటగాళ్ల పిల్లలు, సముద్రం మీద గాలి మారితే పాఠం వదిలేసి కిటికీలోంచి ఆకాశం చూసేవాళ్లు. ఇక పిక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే ఆడవాళ్ల పిల్లలు. మూడోవాళ్లే ఎక్కువ. చివరి బెంచీలన్నీ వాళ్లవే.

ఆయన చేసిన మంచి కూడా చెబుతాను. చెప్పకపోతే నా కోపానికి విలువుండదు. ఆయన వచ్చేనాటికి మాస్టర్లు పదకొండింటికి వచ్చి మూడింటికి బస్సెక్కేవారు. ఆయన మొదటి రోజే అటెండరు చేతిలోంచి సుత్తి తీసుకుని గంట తానే కొట్టాడు. ఆ తరవాత ఏనాడూ ఇంకొకరిని కొట్టనివ్వలేదు. "గంట టైముకి మోగితే మాస్టర్లు వాళ్లే వస్తారు" అనేవాడు. వచ్చారు కూడా. గేటు పక్కన నల్లబల్ల పెట్టించి రోజూ ఒక మంచి మాట రాసేవాడు. మాటలు సాధారణమైనవే. దస్తూరీ మాత్రం ముత్యాలే. అంత గుండ్రని 'ళ' నేను ఇంకెవరి చేతా చూడలేదు. తుఫానుకు పైకప్పు రేకులు లేచిపోయినప్పుడు పిల్లల్ని వెంటబెట్టుకుని జీడితోటల్లో తిరిగి, దొరికిన రేకు తన నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. వెనకాల వరసగా పిల్లలు, ఒక్కో రేకు కింద ఇద్దరిద్దరు. ఆ రోజు ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది. అదే నేను చేసిన తప్పు.

ప్రార్థన అయ్యాక గోళ్లు చూడటం ఆయన పెట్టిన ఆచారాల్లో ఒకటి. ఒక పొద్దున్న తొమ్మిదో తరగతి అమ్మాయి దమయంతి చేతులు చూసి, "ఈ మురికి కడుక్కుని రా, పో" అని వరసలోంచి బయటికి పంపాడు. ఆ పిల్ల వేళ్లు ముడుచుకుని నిలబడింది గాని కదల్లేదు.

"కడిగితే పోదండి సార్. పిక్కల రసం."

పొద్దున్నే తల్లితో ఫ్యాక్టరీకి వెళ్లి ఒక బుట్ట పిక్కలు ఒలిచి, అప్పుడు బడికొచ్చే పిల్ల. బూడిద రాసుకున్నా రసం చర్మాన్ని కాల్చేస్తుంది. ఆ మాట ఆయనకు నేను విడిగా చెప్పాను. తెల్లబోయాడు. మధ్యాహ్నం స్టాఫ్ రూముకు వచ్చి అందరి ఎదుటా నా చెయ్యి పట్టుకున్నాడు.

"మాస్టారూ, పొరపాటైపోయింది. వచ్చే ఏడు ఈ పిక్కల పిల్లలందరూ పరీక్ష హాల్లో కూర్చుంటారు. ఒక్కరినీ వదలను. మాట."

దమయంతికి ఆ మాట నేనే మోసుకెళ్లి చెప్పాను. "పది పాసైతే నర్సమ్మ ట్రైనింగుకి తీసుకుంతారట గదా మేస్టారూ? మరింక పిక్కలు కొట్టక్కర్నేదు" అంది. తెలుగులో మంచి మార్కులు. లెక్కల్లో మాత్రం వెనకబడేది. ఫ్యాక్టరీలో పని ముమ్మరంగా ఉన్న రోజుల్లో రెండేసి వారాలు బడికి రాని పిల్లకు లెక్కలు ఎలా వస్తాయి?

మరుసటి ఏడాది పరీక్షకు పేర్లు పంపే ముందు ఆయన నన్ను గదిలోకి పిలిచాడు. "దమయంతి తల్లి వేలిముద్ర కావాలి మాస్టారూ. పరీక్ష కాగితాలకి. మిమ్మల్ని నమ్ముతారు గనక మీరే వెళ్లండి" అని తెల్ల కాగితం ఇచ్చాడు.

"దీని మీద ఏమీ లేదే?"

"పైన గుమాస్తా రాసుకుంటాడు లెండి."

తీసుకుని వెళ్లాను. చిన్నప్పటి నుంచి దొరికిన పుస్తకమల్లా చదివినవాణ్ణి, రాతలో అబద్ధాన్ని వాసన చూసి పట్టేస్తానని గర్వపడేవాణ్ణి, చివరికి ఏమీ రాయని కాగితం దగ్గర మోసపోయాను.

ఫ్యాక్టరీ షెడ్డు బయట దమయంతి తల్లి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. "నా పిల్ల పరీచ్చకేనా బాబూ?" అంది. అవునన్నాను. ఎడమ బొటనవేలు సిరాలో అద్ది పెట్టింది. పిక్కను పట్టుకునేది ఆ చెయ్యే, రసమంతా తాగేది ఆ వేలే. కాగితం మీద గుండ్రటి నల్ల మచ్చ పడింది తప్ప ఒక్క గీత పడలేదు. మళ్లీ పెట్టించాను. మళ్లీ అంతే. "అరిగిపోనాది బాబూ, అదింక రాదు" అని నవ్వింది.

తెచ్చి ఇస్తే హెడ్మాస్టరు దాన్ని వెలుగుకు ఎత్తి చూశాడు.

"ఇదేం ముద్రండీ, గీతలే లేవు?"

"రసం తినేసింది సార్."

"అయితే ఇది ఎవరిదైనా కావచ్చు" అని నవ్వి సొరుగులో పెట్టాడు.

వారం తరవాత నోటీసు బోర్డు మీద పరీక్ష రాసేవాళ్ల పేర్లు పెట్టారు. దమయంతి పేరు లేదు. ఇంకా నలుగురి పేర్లు లేవు, అందరూ చివరి బెంచీల వాళ్లే. తల్లిదండ్రులు కోరినందువల్ల టీసీలు ఇచ్చేసినట్టు రిజిస్టరులో ఉంది. పేర్లు పంపే గడువు అప్పటికే దాటిపోయింది.

నేను తలుపు తోసుకుని వెళ్లాను. "నాకు మాటిచ్చారు" అన్నాను.

"కూర్చోండి మాస్టారూ. ఆ పిల్ల లెక్కల్లో తప్పుతుంది, మీకూ తెలుసు. ప్రైవేటుగా రాసుకోమనండి, ఎవరు వద్దన్నారు? ఒక్కరు తప్పినా మన నూరు శాతం పోతుంది. పుస్తకాలు మీరు చదువుతారు. జనం చదివేది గోడలు."

ఆ వేసవిలో రోడ్డు వైపు గోడ మీద నీలం రంగుతో 'నూటికి నూరు శాతం ఉత్తీర్ణత' అని రాయించాడు. జిల్లా నుంచి పెద్దలు వచ్చి షీల్డు ఇచ్చారు. ప్రహరీ కట్టించారు. ఇప్పుడు మీరు బడి చరిత్ర అని గొప్పగా చెప్పుకునేదంతా ఆ గోడ దగ్గర మొదలైంది. ఆ తరవాత ఏటా గోడ మీద అంకె మారలేదు. చివరి బెంచీల్లో ఎవరెవరు మాయమయ్యారో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అప్పుడు నోరు విప్పలేదు, సరే. ఇప్పుడు సంచికలో ఆ గోడ ఫొటో అట్ట మీద వేస్తారట.

రిటైరయ్యాక ఆయన ఒకసారి పలాస స్టేషన్లో కనిపించాడు. పూండి వైపు వెళ్లే ప్యాసింజరు కోసం ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చోవలసి వచ్చింది. టీ తెప్పించి నా చేతిలో పెట్టాడు.

"ఇంకా కోపమేనా మాస్టారూ?"

"ఆ కాగితం నా దగ్గరుందండి" అన్నాను. రికార్డు గది కారిపోయి పాత ఫైళ్లు బయట పారేసినప్పుడు వెతికి తెచ్చుకున్నాను.

"దాచుకోండి" అన్నాడు. బండి వచ్చింది. వేర్వేరు పెట్టెలు ఎక్కాం. టీ నేను తాగలేదు.

మొన్న ఆయన ఇంటికి వెళ్లాను. వెళ్లకూడదనుకునే వెళ్లాను. వాకిట్లో జనంలో దమయంతి ఉంది. ఇంకా ఫ్యాక్టరీలోనే పని. ప్రైవేటుగా రాయడం పడలేదు, ఆ వేసవిలోనే పెళ్లి చేసేశారు. దాని కూతురు ఇప్పుడు మన బడిలోనే ఆరో తరగతి. దమయంతి లోపలికి వెళ్లి ఆయన పాదాలు ముట్టుకుని వచ్చి, నన్ను చూసి కళ్లు తుడుచుకుంది.

"నువ్వెందుకే ఏడుస్తావు?" అన్నాను.

"గంట సారే కొట్టీవోరు గదా మేస్టారూ. ఫేట్రీలో ఉన్నా నాకినిపించీది. పోయినోరి మీద కోపమేటి? నాను ఎప్పుడో మరిసిపోనాను."

"మీ అమ్మ చేత ముద్ర వేయించింది నేను."

"మీకేటి తెల్దు గదా" అంది, చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు. అరిగి నున్నగా ఉన్న వేళ్లతో నా మోచెయ్యి పట్టుకుని మెట్లు దింపింది.

అది క్షమించింది. నష్టపోయింది అది, ఆ హక్కు దానికుంది. నాకు లేదు, నాకు అక్కర్లేదు కూడా.

ఆ కాగితం ఇప్పుడు నా బల్ల మీద ఉంది. అడుగున గుండ్రటి మచ్చ. నలుపు వెలిసి గోధుమరంగుకు తిరిగింది, గీతలు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. పైన నాలుగు వరసలు: పని వేళలు కుదరనందున మా అమ్మాయిని చదువు మాన్పించ దలచితిని, టీసీ ఇప్పించ ప్రార్థన. గుమాస్తా రాస్తాడన్నాడు. గుమాస్తా చేత రాయించినా ఇంత బాధ ఉండేది కాదేమో. 'వేళలు' అన్న మాటలో ఆ 'ళ' ఎంత గుండ్రంగా ఉందో, గేటు పక్కన నల్లబల్ల మీద రోజూ చదివిన వాళ్లెవరైనా చూడగానే పోల్చుకుంటారు. అది గుమాస్తా రాత కాదు. మా హెడ్మాస్టరుది.