గమకం వేసిన ఈల

ఆ రోజుల్లో, అంటే జర్మనీలోని లైప్‌జిగ్‌లో మాస్టర్స్ చదువుతూ మా ప్రొఫెసర్ మేడం దగ్గర పార్ట్‌టైమ్ పని చేసిన రోజుల్లో, నేను అన్నం కన్నా అసూయే ఎక్కువ తిన్నానేమో. మేడం పరిశోధన అంతా ఆఫ్రికాలో, పసిఫిక్ దీవుల్లో మాట్లాడేవాళ్ళు తగ్గిపోతున్న భాషల మీద. మాకు అప్పగించిన ఆఫ్రికా భాషలో ఒకే మాటను గొంతు ఎత్తి అంటే ఒక అర్థం, దించి అంటే మరొకటి. రికార్డింగులు విని ఆ ఎత్తుపల్లాలు రాయడం నాకూ, కాకినాడ నుంచి వచ్చిన మరో అమ్మాయికీ పని. ఆమెకు నేను పెట్టుకున్న పేరు సరిగమ (పైకి అనే ధైర్యం ఎక్కడిది?). ఎనిమిదేళ్ళు సంగీతం నేర్చుకుంది. నేను పదిసార్లు విని తల పట్టుకున్న మాటను ఒక్కసారి విని, "హై, లో, హై. పదవే, మెన్జాలో తిండి అయిపోతుంది" అనేది (మెన్జా అంటే మా యూనివర్సిటీ క్యాంటీన్). వేసవిలో మేడంతో ఆ భాషవాళ్ళ ఊరికి వెళ్ళే అవకాశం మా ఇద్దరిలో ఒక్కరికే. అది నాకు కావాలి. ఎంతగానంటే, డైరీలో సరిగమ తప్పుల కోసం కొన్ని పేజీలు విడిగా పెట్టాను. చాలాకాలం అవి ఖాళీగానే ఉన్నాయి.

చివరికి ఒకటి దొరికింది. మా పనిలో ఒక పద్ధతి ఉంది: అక్షరాలు వదిలేసి మాటలోని స్వరాన్ని మాత్రం ఈల వేసి వినిపిస్తే, ఆ భాషవాళ్ళు తప్పో ఒప్పో చెబుతారు. అక్కడ స్వరం మెట్టు మెట్టుగా దిగాలి. సరిగమ గమకాలు వేసి జారుడుబల్ల మీద దింపేది. విన్నాను. చెప్పలేదు.

ఆ భాష మాట్లాడే మామ్మ ఒకావిడ జర్మనీలో ఉన్న కూతురిని చూడటానికి వచ్చి, ఇద్దరూ కలిసి మా ల్యాబ్‌కు వచ్చారు. ముందు నా వంతు. వారం రోజులు సాధన చేసినా (ఆడపిల్ల ఈల వేయకూడదని విని పెరిగిన నోరు కదా) గాలి తప్ప ఏమీ రాలేదు. మామ్మ మర్యాదగా కిటికీ వైపు చూసింది. తర్వాత సరిగమ వాళ్ళ భాషలో 'నీళ్ళు' అనే అర్థమున్న చిన్న మాటను కల్యాణి రాగం ఆలపించినట్టు ఈల వేసింది. మామ్మ పగలబడి నవ్వింది. కళ్ళు తుడుచుకుని, సరిగమ చెయ్యి పట్టుకుని మళ్ళీ వేయించింది, తను వేసి చూపించింది, గంటసేపు వదల్లేదు. వెళుతూ కూతురి చేత మేడంకు చెప్పించింది: "మా ఊరికి ఈ నవ్వించే పిల్లను తీసుకురండి."

సరిగమ బయలుదేరే రోజు స్టేషన్‌లో ఇక ఆగలేక అనేశాను: "నీ ఈల తప్పని నాకు ముందే తెలుసే. కావాలనే చెప్పలేదు."

"అమ్మ దొంగా!" అని ఒక్క క్షణం చూసి, ఫక్కున నవ్వింది. "చెప్పుంటే సరిగ్గా వేసి చచ్చేదాన్ని. ఆవిడ నవ్వేదా, నేను వెళ్ళేదాన్నా? ఇదిగో, ఈ బ్యాగు పట్టుకో."

పట్టుకున్నాను. రైలు దాకా మోశాను కూడా. అసూయతో ఒక మనిషిని ఆఫ్రికా దాకా పంపించినదాన్ని బహుశా నేనొక్కదాన్నే. ఇప్పుడు తలుచుకుంటే, మూతి ముడుచుకుని ఆ బ్యాగు మోసిన పిల్ల మీద కోపం రాదు, కాస్త ముద్దొస్తుంది.