ఏసమ్మ మర, రాయగడ బటన్

ఒడిశాలో బిస్సమ్ కటక్ దాటాక కొండ మీంచి దిగే గెడ్డ నీళ్లతో ఒక చిన్న కరెంటు మర తిరుగుతుంది. ఆడపిల్లల హాస్టల్‌కి దీపాలిచ్చి, మిగిలిన కరెంటు ఊరి తీగలకి ఇస్తుంది. దాని ఆపరేటరు ఏసమ్మ. ఇంజనీరింగ్ సంగతి దేవుడెరుగు, ఆవిడ బొబ్బిలి నుంచి వచ్చింది హాస్టల్‌లో వంటకి. పద్నాలుగేళ్ల కిందట అసలు ఆపరేటరు కాశీపూర్ వైపు ఎక్కువ జీతమని చెప్పాపెట్టకుండా పోయాడు. మర గొంతు మారిందని వంటింట్లోంచే కనిపెట్టిన ఏసమ్మ, గరిటెతో సహా పరుగెత్తి, గొట్టం మీది చక్రం బిగించి నీళ్లు కట్టేసింది. ఆ పూట నుంచీ మర ఆవిడదే. దాన్ని "అమ్మీ" అని పిలుస్తుంది, అప్పుడప్పుడు అలుగుతుందని కూడా చెబుతుంది. నమ్మనివాళ్లు దాని పక్కన ఒక పూట కూర్చుని చూసుకోవచ్చు.

ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. తీగలకి కరెంటిచ్చే చిన్న మరలన్నీ రాయగడ ఆఫీసు తెర మీద కనబడాలి, అక్కణ్ణించే ఆగాలి, అక్కణ్ణించే తిరగాలి. గోడకి ఒక పెట్టె బిగించి, పరీక్షకి తేదీ చెప్పి వెళ్లారు.

"పరీక్ష నెగ్గితే నీకింక ఆ మరతో పనిలేదు, హాయిగా వంట చేసుకోవచ్చు," అంది వార్డెన్ ఆనీ టీచరు. మంచి మనసుతోనే అంది, అందుకే ఏసమ్మకి మరీ మండింది. నెగ్గకపోతే మరకి సీలు. నెగ్గితే తనకి సెలవు. దేనికి ప్రార్థన చెయ్యాలో తెలీక, "ప్రభువా, నీ యిష్టం. కాకపోతే కాసింత నా వైపు సూడు," అని ఊరుకుంది.

పరీక్ష రోజు పొద్దున్నే ఇన్‌స్పెక్టరు సూర్యారావు కాగితాలతో దిగాడు. ఫోను స్పీకర్లో పెట్టి మర గది కిటికీలో నిలబెట్టాడు. అవతల రాయగడలో బటన్ దగ్గర ప్రణతి, రైల్వే వాళ్లమ్మాయి. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, ఫోన్లో రెండూ.

"ఎవరూ ఏటీ ముట్టుకోకండి," అన్నాడు సూర్యారావు. ఏసమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకుంది.

ప్రణతి అక్కడ నొక్కింది. ఇక్కడ మర బుద్ధిగా నెమ్మదించి ఆగిపోయింది.

"నాను బతిమాలినా ఇంత బేగి ఆగవు కదే అమ్మీ!" అంది ఏసమ్మ ఉక్రోషంగా.

"చాలూ!" అంది ఫోను.

తమ ఇంట్లో అయితే సాలు అంటారు. చదువుకున్న పిల్ల కనక చాలు అంటోంది అనుకుంది ఏసమ్మ. పరీక్ష అయిపోయిందన్నమాట. మర ఆగాక చక్రం బిగించడం ఆవిడకి అలవాటు. కొంగు విప్పుకుని ఒక్క అంగలో వెళ్లి బిగించేసింది.

పెట్టె మీద ఎర్ర దీపం వెలిగింది. మర ఉలకదు, పలకదు.

"తిరగట్లేదేటి? ఏటి సేసేరక్కడ?" ప్రణతి అరిచింది.

"నువ్వే కదమ్మా సాలన్నావు!"

"సాలు కాదు పిన్నీ, ఒడియా చాలూ! మర మొదలెడతన్నానని!"

సూర్యారావు నెత్తి పట్టుకున్నాడు. ఏసమ్మ తన మరకి తన చేత్తోనే సీలు వేయించుకున్నట్టయింది. ఏడుపు రావలసిన చోట ముందు నవ్వు ముంచుకొచ్చింది. గోడ పట్టుకుని నవ్వింది, నవ్వుతూనే కళ్లొత్తుకుంది. ఫోన్లో ప్రణతి కూడా పకపకా నవ్వుతూ, ఉన్నట్టుండి ఆపేసింది.

"సర్, ఆగండి. 'అక్కడ చేత్తో కట్టేశారు, మర తిప్పను' అని తెర మీద వచ్చింది. మీ కాగితంలో ఆఖరిది సూడండి."

సూర్యారావు కాగితం తిప్పాడు. మర దగ్గరి మనిషి చేత్తో ఆపితే, దూరం నుంచి ఎంత నొక్కినా అది కదలకూడదు. మర బాగుచేసేవాళ్ల ప్రాణాలకి అదే కాపలా. దాని కింద ఆ మనిషి పేరు రాయాలి, లేకపోతే మొత్తం చెల్లదు.

"ఇది పరీక్షించాలని నాకే గుర్తులేదు," అంటూ టిక్కు పెట్టాడు.

"అయితే ఇక్కడ మనిషి ఉండాలా?" అంది గుమ్మంలో నిలబడి చూస్తున్న ఆనీ టీచరు.

"ఉండాల్సిందేనమ్మా," అని సూర్యారావు పేరు రాశాడు: ఏసమ్మ, ఆపరేటరు.

"పిన్నీ, ఇంక చక్రం విప్పు. నువ్వు విప్పితే గాని నా బటన్ పనిసెయ్యదు," అంది ప్రణతి.

ఏసమ్మ చక్రం మీద చెయ్యి వేసింది, విప్పలేదు.

"మరోపాలి సెప్పమ్మా, ఇనబళ్లేదు," అంది, చీమ చిటుక్కుమన్నా వినబడే ఆ గదిలో.