తునికాకు కట్టకు ఆనించిన ఫోను

కరోనాకు కాలేజీ మూసినన్నాళ్లూ నా నర్సింగు చదువు కోరుట్లలో మా ఇంటి అరుగు మీదే సాగింది. ఫోనును తునికాకు కట్టకు ఆనించి, కెమెరా ఆపేసి, అమ్మ పక్కన కూర్చుని బీడీలు చుట్టేదాన్ని. సూది ఎక్కించడానికి నరం ఎలా పట్టుకోవాలో మేడం రబ్బరు చేతి మీద చూపించేది. మొదట్లో నోట్సు రాసుకున్నాను. తర్వాత తెర వైపు చూడాలని కూడా అనిపించలేదు. "అర్థమైందా?" అంటే అందరం "యెస్ మేడం" అని టైపు చేసేవాళ్లం. సిగ్గులేకుండా ఫస్ట్ క్లాసు కూడా వచ్చింది.

జగిత్యాల ఆసుపత్రిలో నా ముందుకొచ్చిన మొదటి మనిషి మల్యాల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ. మూడుసార్లు గుచ్చాను. మూడుసార్లూ నరం దొరకలేదు. ఆమె అరవలేదు. దారం ఒరిసి కాయలు కాసిన నా వేళ్లను పట్టుకుని చూసింది.

"బీడీలు చేస్తవా బిడ్డా?"

తలూపాను.

"నేను గూడ చేసిన. మొదట్ల అన్నీ ఖరాబే అయితుండె. ఇప్పేసి మల్ల చుట్టేదాన్ని."

అని, రెండో చెయ్యి చాపింది.

విప్పి మళ్లీ చుట్టడానికి ఆ చెయ్యి ఆకు కాదు.