కిరీటానికి అస్తరు

ఆదివారం పొద్దున్న వాన. కిటికీ బయట ఆరేసిన బట్టలు లోపలికి లాగుతుంటే ఫోన్ మోగింది. ఒకప్పుడు మా పక్క ఫ్లాట్లో ఉన్న వదిన, నైజీరియా నుంచి. "మీ అన్న పోయాడు," అంది. ఫోన్ చెవికి ఆనించుకుని కిటికీ మూయడం మరిచిపోయాను. ఈ పరాయిదేశంలో మేముండే హౌగాంగ్ పేట వాన చప్పుడు ఆవిడకు అక్కడిదాకా వినిపించే ఉంటుంది.

సోమవారం ఆఫీసులో రెండు వాక్యాల ఈమెయిల్ వచ్చింది. మన మాజీ సహోద్యోగి, ఎప్పుడూ నవ్వుతూ ఉండేవారు, అని. అబద్ధం. ఆయన ఎప్పుడూ నవ్వుతూ ఉండేవాడు కాదు. ఆ ఆఫీసులో అసలు నవ్వేవాడు కాదు. ఈ స్మృతిని ఆ ఈమెయిల్‌కు నా జవాబు అనుకోండి.

ఆయన నైజీరియాలోని యొరుబా జాతి మనిషి. మా కంపెనీలోనే నెట్‌వర్క్ ఇంజనీరు. ఐటీ ఉప్పెనలో ఎక్కడెక్కడి వాళ్లమో కొట్టుకొచ్చి ఒకే బ్లాకులో పడ్డాం. తెలుగు వరసలు అడిగి తెలుసుకుని, నాకంటే పెద్దవాణ్నని తేల్చుకుని, "అయితే నువ్వు తమ్ముడు. ఇకనుంచి నా మాట వినాలి," అన్నాడు. నేను ఎవరి మాటా వినే రకం కాదని ఆయనకు త్వరలోనే తెలిసింది.

వాళ్ల తాతా నాన్నా రాజుల కిరీటాలు కుట్టినవాళ్లు. అవును, కుట్టినవాళ్లే. కిరీటమంటే మనకు నాటకాల్లో బంగారు రంగు పూసిన అట్ట గుర్తొస్తుంది. వాళ్లది గుడ్డ. గంజిపెట్టి పొడుగాటి టోపీలా నిలబెడతారు. దాని ఒళ్లంతా ఆవగింజలంత గాజుపూసలు కుడతారు. ముందు ఒక ముఖం, పైన పిట్టలు, అంచు నుంచి రాజు ముఖం కనబడకుండా వేలాడే పూసల తెర. సెలవురోజు అన్న కారిడార్లో స్టూలు వేసుకుని ఆ పూసల పని చేసేవాడు. మా అమ్మాయి పెన్సిల్ సంచీ మీద ఆయన కుట్టిన పిట్టకు ఇంకా ఒక్క పూస రాలలేదు.

నేను ఊరుకుంటానా?

"రాజుల సేవ ఇంకా ఎందుకన్నా? కిరీటాలన్నీ పొయ్యిలో పెట్టాలి."

"పెట్టు," అన్నాడు సూది మీంచి చూపు తీయకుండా. "ముందు అందులోంచి మా తాత వేళ్లు బయటికి తీసి, తర్వాత పెట్టు."

"ఆ తెర ఎందుకట? రాజు మామూలు మనిషి కాదని జనాన్ని నమ్మించడానికేగా?"

"అది నీ లెక్క. మా తాత లెక్క వేరు. నీ ముఖంతో ఇక్కడ పనిలేదు, కూర్చుని న్యాయం చెప్పు అని రాజుకు చెప్పడం అది."

"అంకుల్ గెలిచాడు లా!" అంది మా అమ్మాయి, ఇక్కడి వాళ్లలాగే మాట చివర 'లా' తగిలించి. సొంత కూతురు.

ఇంకో మాట చెప్పాడు. కిరీటం లోపలికి రాజు చూడకూడదు. లోపల, పై కొసలో ఏవో మూలికలు పెట్టి కుట్టేస్తారు. ఒక స్త్రీ వెనకనుంచి వచ్చి కిరీటాన్ని తలమీద పెడుతుంది. లోపలికి చూసిన రాజుకు కళ్లు పోతాయంటారు. మూఢనమ్మకం అన్నాను. మరి కుట్టినవాళ్ల కళ్లు పోలేదేం అన్నాను.

"కుట్టేవాడు చూడొచ్చు తమ్ముడూ. మోసేవాడే చూడకూడదు."

మీరు అడుగుతారు, రాజరికం మీద నీకింత ప్రేమ ఎప్పటినుంచి అని. లేదు, ఇప్పటికీ లేదు. నవాబుల నగలు చూడటానికి మనం టికెట్టు కొని క్యూలో నిలబడతాం. ఆ రాళ్లు పొదిగినవాడి పేరు ఎవడైనా అడిగాడా? పూసలమ్ముకునే వాళ్లను మన అరుగు ఎక్కనిచ్చామా? కళ పేరుతో మనం దాచుకునేదంతా పెట్టుకున్నవాడి ఘనతే. అన్న దాన్ని తలకిందులు చేశాడు. అధికారం లోపల ఏముందో కూలివాడికి తెలుసు, ఏలేవాడికి తెలియకూడదు! ఇంతకంటే పదునైన మాట ఏ సభలోనూ నేను వినలేదు.

కంపెనీ షేరుకు రెక్కలొచ్చిన రోజులవి. మా సీఈవో ఏదో వేలంలో ఒక యొరుబా కిరీటం కొన్నాడు. అది ఏ ఊరిదో, ఎవరు ఎత్తుకొచ్చారో ఎవరూ అడగలేదు. లాబీలో గాజుపెట్టెలో పెట్టించారు. కింద అద్దం, లోపలికి లైటు. ఒంగితే చాలు, కొసదాకా కనిపిస్తుంది. పక్కన బోర్డు: "పారదర్శకతే మా విలువ."

అన్న పెట్టె ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఒంగలేదు. తిన్నగా హెచ్‌ఆర్ మేడమ్ దగ్గరికి వెళ్లాడు, నేనూ వెంట వెళ్లాను.

"కిరీటం ఉంచుకోండి. ఆ అద్దం ఒక్కటీ తీయించండి."

"డిస్‌ప్లే కోసమే లా! ఇక్కడ రాజులెవరూ లేరు కదా," అని నవ్విందామె. "పోనీ లంచ్‌లో దీనిమీద ఒక టాక్ ఇవ్వండి. మకాన్ కంపెనీదే." మకాన్ అంటే ఇక్కడ తిండి.

నేను గొంతు పెంచాను. అన్న నా చొక్కా పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. "నువ్వు అరిస్తే వాళ్లు నీ గొంతు గురించి మాట్లాడతారు, అద్దం గురించి మాట్లాడరు."

తర్వాత తెలిసింది, వార్షిక విందులో అందరికంటే ఎక్కువ అమ్మిన సేల్స్ మేనేజరుకు ఆ కిరీటం పెట్టి ఫొటోలు తీస్తారట. తెర దారాలు వదులయ్యాయని, బాగుచేయమని అన్ననే పిలిచారు. ఒప్పుకున్నాడు. నేను భగ్గుమన్నాను.

"వాళ్ల ఆటకు నువ్వు కుట్టిపెడతావా?"

"కుట్టేవాణ్ని పిలిచారు. వెళ్లాలి కదా."

మీటింగ్ రూములో తలుపేసుకుని కూర్చున్నాడు. నేను పక్కన సూదులకు దారం ఎక్కిస్తున్నాను. తెరలో ఒక్కో వరసా బిగించాడు. ఆఖరున సంచీలోంచి ఒక పాత గుడ్డ తీశాడు. వాళ్లమ్మ తన చేత్తో అద్ది, కట్టుకుని, మెత్తబడ్డ నీలిమందు గుడ్డ. మన పెడన వైపు అద్దకాలు చూసినవాళ్లకు ఆ నీలం కొత్త కాదు. కిరీటం తిరగేసి, నోటికి అడ్డంగా ఆ గుడ్డను డోలు చర్మంలా బిగలాగి కుట్టడం మొదలుపెట్టాడు.

"అన్నా, ఉద్యోగం పోతుంది."

"పోతుంది."

"వర్క్ పాస్ రద్దు చేస్తారు. దేశం వదలాలి."

"అదీ అవుతుంది. దారం ఎక్కించు."

చివరి కుట్టు అయ్యాక కత్తెర అందించాను. వద్దన్నాడు. "మా ఇంట్లో ఆఖరి కొస కత్తిరించం. తర్వాత కుట్టేవాడు అందుకోవాలి."

విందులో సీఈవో స్వయంగా కిరీటం ఎత్తి సేల్స్ మేనేజరు నెత్తిన పెట్టాడు. దిగలేదు. చుట్టకుదురు లేని కుండలా నడినెత్తిమీద ఊగింది. ఇంకోసారి నొక్కాడు. పక్కకు ఒరిగితే ఆయనే పట్టుకున్నాడు. తిరగేసి చూశాడు. చప్పట్లు మొదలై, మధ్యలో ఆగిపోయాయి.

విప్పించడానికి నిపుణుణ్ని పిలిచారు. కుట్లు తెంపితే పాత పూసలు రాలతాయి, ధర పడిపోతుంది అన్నాడట. ధర అనగానే మా కంపెనీకి భక్తి పుట్టింది. ఆ నీలం అస్తరు అలాగే మిగిలింది. అన్న మిగల్లేదు. సంస్థాగత మార్పులు అన్నారు. ఒక్క మనిషితో మొదలై ఆ ఒక్క మనిషితోనే ముగిసిన మార్పులు. పాస్ పోయింది, ఫ్లాటు పోయింది. బీపీ మందులిచ్చే ఇన్సూరెన్సు పోయింది. నైజీరియాలో ఉద్యోగం వెతుక్కుంటూ, మందు కొన్నరోజు కొని, కొననిరోజు మానేసి బతికాడని వదిన చెప్పింది. గుండె ఆగిందని డాక్టరు రాశాడట. ఆపినవాళ్ల పేర్లు డాక్టర్లు రాయరు.

ఆ ఈమెయిల్ చదివి కిందికి దిగాను. లాబీలో క్లీనర్ ఆంటీ పెట్టె అద్దాలు తుడుస్తోంది.

"ఇప్పుడు ఎవరూ ఒంగి చూడరు సార్," అంది తన తమిళపు తెలుగులో. "లోపల ఏమీ కనబడదు కదా."

అన్న ఉన్నంతకాలం నేనూ ఎప్పుడూ ఒంగలేదు. ఆరోజు ఒంగాను. అద్దం నిండా నీలం. అంచు చుట్టూ వాలుగా చిన్న చిన్న కుట్లు. ఒక పక్క కత్తిరించకుండా వదిలిన దారం కొస వేలాడుతోంది. లిఫ్టు తలుపు మూసుకున్నప్పుడల్లా అది సన్నగా అదురుతోంది.